పదిహేను వేల రూపాయల మాట



ఈ పుటలలో నేను సాధారణంగా ఏమి వ్రాస్తుంటానో మీకు తెలుసు. బెంగుళూరు బడులలో తెలుగు తీసుకొనే పిల్లలు తగ్గిపోవడం, కన్నడ లిపికి అలవాటు పడిన చేయి తెలుగు తలకట్టు దగ్గర తడబడడం, జూన్‌లో రావలసిన వాచకాలు ఆగస్టులో రావడం, ఇవే. ఈసారి వీటిని ప్రక్కన పెట్టి డబ్బు సంగతి వ్రాస్తున్నాను. తెలుగు పంతులమ్మకు డబ్బు లెక్కలతో ఏమి పని అని నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చును. పోయిన నెలలో ఇద్దరు ఉపాధ్యాయినులు, ఒకరినొకరు ఎరుగనివారు, నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "రిటైరయ్యాక ఎలా గడుస్తుందో లెక్క వేసి చెప్పడానికి ఒకాయన పదిహేను వేలు అడుగుతున్నాడు టీచర్. ఇవ్వమంటారా?"

2018లో నేను సరిగ్గా అంతే మొత్తం ఒక సలహాదారుకు ఇచ్చాను. అప్పటికి నా జీతం నెలకు 26,000. సగానికి పైగా జీతం ఒట్టి మాటలకు పోసి వచ్చావని మావారు వారం రోజులు మాట్లాడలేదు. ఆ మాటలకు విలువ ఉన్నదా లేదా అన్నది చెప్పాలంటే ముందు మన పరిస్థితి చెప్పాలి, ఆ తరువాత 2007లో నేను పొందిన ఉచిత సలహా గురించి చెప్పాలి.

ఉపాధ్యాయులందరికీ వార్ధక్యం ఒక్కలాగే వస్తుంది గాని పింఛను ఒక్కలాగే రాదు. కర్ణాటకలో 2006 ఏప్రిల్ 1కి ముందు ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవారికి పాత పింఛను. తరువాత చేరినవారికి జాతీయ పింఛను పథకం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ విభజన రేఖ 2004 సెప్టెంబరు 1. పాత పింఛను ఉన్నవారు సలహాదారు ఇంటి గడప త్రొక్కవలసిన పని పెద్దగా లేదు. ఇక మూడవ వర్గం మాది. ప్రభుత్వ సహాయం లేని ప్రైవేటు బడులలో వారానికి ఇన్ని పీరియడ్లని తెలుగు చెప్పేవారం. మాకు ఉన్నదల్లా భవిష్య నిధి, దానికి అనుబంధంగా 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం. ఈ పింఛనుకు లెక్కలోకి తీసుకొనే జీతం 2014 సెప్టెంబరు దాకా గరిష్ఠంగా 6,500 రూపాయలు. అప్పుడు దానిని 15,000 చేశారు. ఆ జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగిస్తే వచ్చేది నెల పింఛను. 15,000 జీతంతో నిండుగా 35 ఏండ్లు లెక్కకు వచ్చినా 7,500. నాకు వస్తున్నది సుమారు నాలుగు వేలు. బెంగుళూరులో నాలుగు వేలు అంటే ఏమిటో ఇక్కడ కాపురం ఉంటున్నవారికి నేను వివరించనక్కరలేదు.

ఇప్పుడు ఉచిత సలహా కథ.

2007లో మా జీతాల ఖాతాలు ఉన్న బ్యాంకులో ఒక అబ్బాయి ఉండేవాడు. అతనిది మా హిందూపురం ప్రాంతమే. క్యూలో నిలబడి నేను ఎవరితోనో తెలుగులో మాట్లాడుతుంటే విని, "మీదే ఊరక్కా?" అని పలకరించాడు. పరాయి నగరంలో మన యాసతో "అక్కా" అని ఒకరు పిలిస్తే మనసు ఎంత మెత్తబడుతుందో మీకు తెలియనిది కాదు. నన్ను కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, నా వయస్సు అడిగి, కాగితం మీద ఒక గీత గీచాడు. గీత పైకి పైకి పోయింది. ఏడాదికి 20,000 చొప్పున మూడేండ్లు కడితే చాలునని, తరువాత అది దానంతట అదే పెరిగి పదవీ విరమణ నాటికి పింఛనుగా మారుతుందని చెప్పాడు. దానిని యూలిప్ అంటారని నాకు తెలియదు. ఇరవైకి పైగా పుటల ఇంగ్లీషు పత్రం మీద ఎక్కడ వ్రేలు పెడితే అక్కడ సంతకం చేశాను. ఛందస్సులో ఒక్క గణం తప్పితే పిల్లల చేత పద్యం మళ్ళీ వ్రాయించే నేను, ఒక్క వాక్యమైనా చదవకుండా పద్నాలుగు చోట్ల సంతకం చేశాను.

మొదటి ఏడాది కట్టిన 20,000లో నాలుగవ వంతుకు పైగా ఖర్చుల క్రిందనే తీసివేశారని నాకు తెలిసింది మూడవ ఏట. 2008లో మార్కెట్టు పడిపోవడం ఆ అబ్బాయి తప్పు కాదు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. కాని ఆ నాలుగవ వంతు మార్కెట్టు మ్రింగినది కాదు. 60,000 కట్టి, చివరకు 51,000 చిల్లర తెచ్చుకొని, ఆ కాగితాలను అటక మీద పారవేశాను. ఆ అబ్బాయి అప్పటికే వేరే శాఖకు వెళ్ళిపోయాడు. అతని మీద నాకు కోపం లేదని చెప్తే అబద్ధమవుతుంది. కాని ఈనాడు ఆలోచిస్తే, నెల నెలా ఇన్ని పాలసీలు అమ్మితీరాలనే ఒత్తిడిలో అతనూ నాలాంటి జీతగాడే.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. ఆ రోజులలో దేశమంతటా ఈ గొడవ జరిగింది. ఈ పాలసీలపై అధికారం ఎవరిదని 2010లో సెబీకి, బీమా నియంత్రణ సంస్థకు తగవు వచ్చి, చివరకు కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి బీమా సంస్థదేనని తేల్చింది. 2010 సెప్టెంబరు 1 నుంచి ఖర్చులకు హద్దు పెట్టారు, మూడేండ్ల గడువును ఐదేండ్లు చేశారు. మామూలు జీవిత బీమా పాలసీల మాటకు వస్తే, దీర్ఘకాలపు పాలసీ మొదటి ఏటి ప్రీమియంలో 35 శాతం వరకు ఏజెంటుకు కమీషనుగా ఇవ్వడానికి బీమా చట్టం చాలాకాలం అనుమతించింది. మ్యూచువల్ ఫండ్లలో కూడ 2009 ఆగస్టు 1 దాకా మనం నూరు రూపాయలు పెడితే ప్రవేశ రుసుము క్రింద రెండుంపావు దాకా ముందే తగ్గేది. సెబీ దానిని రద్దు చేసింది. 2013 జనవరి నుంచి మధ్యవర్తి లేకుండా నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్లు వచ్చాయి. మధ్యవర్తి ద్వారా కొనే రెగ్యులర్ ప్లాన్లలో అతని కమీషను ఏటేటా మన డబ్బులోనుంచే పోతుంది. మనకు ఏ రసీదూ రాదు గనుక పోతున్నట్లు తెలియదు.

ఏటా ఒక్క శాతమే కదా అనుకొంటాము. మీ బడిలో లెక్కల మాస్టారును అడిగి చూడండి. పది లక్షలు ఏటికి 10 శాతం చొప్పున చక్రవడ్డీతో ఇరవై ఏండ్లు పెరిగితే సుమారు 67 లక్షలు. 9 శాతం చొప్పున అయితే 56 లక్షలు. ఆ ఒక్క శాతం ఖరీదు పదకొండు లక్షలు! మేము ఎనిమిదవ తరగతిలో చక్రవడ్డీ నేర్చుకొన్నాము, మార్కులు తెచ్చుకొన్నాము, అది మన ఇంటి లెక్క అని మాత్రం ఎవరూ చెప్పలేదు.

కనుక నా మొదటి మాట ఇది. ఉచితంగా దొరికిన సలహాకు నేను చెల్లించినది తొమ్మిది వేలు, దానికి తోడు మూడేండ్ల కాలం. పదిహేను వేలు మాత్రం ఎందుకు ఎక్కువనిపించిందంటే, అది పర్సులోనుంచి తీసి చేతితో లెక్కపెట్టి ఇచ్చాను గనుక.

2018లో జయనగరంలో ఒక చిన్న గదిలో ఆ సలహాదారును కలిశాను. ముప్పై అయిదేండ్ల కన్నడ యువతి. సెబీ వద్ద నమోదు చేసుకొన్నవారు. 2013లో వచ్చిన నిబంధనల ప్రకారం, రుసుము తీసుకొని పెట్టుబడి సలహా ఇచ్చేవారికి ఈ నమోదు తప్పనిసరి. తాను ఏదీ అమ్మనని, ఎవరి వద్దా కమీషను తీసుకోనని ముందే కాగితం మీద వ్రాసి ఇచ్చారు. నేను గుడ్డసంచిలో కాగితాలన్నీ పట్టుకొని వెళ్ళాను. నా తెలుగు కన్నడానికి ఆమె నవ్వలేదు, అది నాకు నచ్చింది. ఆ పత్రాలలోని ఇంగ్లీషు వాక్యాలను ఒక్కొక్కటి నాకు అర్థమయ్యే కన్నడంలో విడమరచి చెప్పారు. మనం పాఠం చెప్పేటప్పుడు ప్రతిపదార్థం చెప్పినట్లు.

ఏ ఫండు కొనాలో చెప్తారని వెళ్ళినదానిని. మొదటి కూర్పులో ఫండ్ల మాటే రాలేదు. ఆమె నా భవిష్య నిధి చీటీలు ముందు పెట్టుకొని, "మీకు రెండు ఖాతా సంఖ్యలు ఎందుకు ఉన్నాయి?" అని అడిగారు. 2005లో మా బడి యాజమాన్యం మారింది. అప్పుడు కొత్త సంఖ్య ఇచ్చారు. 1999 నుంచి 2005 దాకా ఉన్న పాత ఖాతా అలాగే పడి ఉన్నది, నేను మరచిపోయాను. దానిని కలపకపోతే పదవీ విరమణ నాటికి నా సర్వీసు పాతికేండ్లు కాక పందొమ్మిదేండ్లే అవుతుంది. ఇరవై ఏండ్లు నిండినవారికి పింఛను లెక్కలో అదనంగా కలిపే రెండేండ్లు కూడ దక్కవు.

కలుపుదామంటే పేర్లు కలియలేదు! ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది మన తెలుగువారి ప్రత్యేక బాధ. పాత ఖాతాలో నా పుట్టింటి ఇంటిపేరు, అదీ పొడి అక్షరంగా. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పూర్తిగా, అదీ పేరుకు చివర. పాన్ కార్డులో ఇంటిపేరు ముందు. నా పేరులోని "శ్రీ" ఒకచోట ఎస్ ఆర్ ఐ, మరొకచోట ఎస్ ఆర్ ఈ ఈ. అక్షరం విలువ తెలిసినదానినని అనుకొనే నేను, నా పేరును మూడు ప్రభుత్వ కాగితాలలో ముగ్గురు మనుషులుగా బ్రతకనిచ్చాను. ఇంటిపేరు ముందు ఉండడం, దానిని పొడి అక్షరం చేయడం మనకు సహజం. కంప్యూటరుకు అది పేరే కాదు. సవరణకు బడివారి సంతకంతో ఉమ్మడి ప్రకటన ఇవ్వాలి. 2018లో ఆ పాత గుమాస్తా ఇంకా ఉన్నారు, పాత రిజిస్టర్లు ఎక్కడున్నాయో ఆయనకు తెలుసు. అయినా ఎనిమిది నెలలు పట్టింది. ఆయన 2020లో మానివేశారు. 2024లో, నేను రిటైరైన తరువాత మొదలుపెట్టి ఉంటే ఆ ఆరేండ్ల సర్వీసును ఎవరు చూపించి ఉండేవారు?

నామినేషన్ సంగతి కూడ ఆమే పట్టుకొన్నారు. నా స్నేహితురాలు ఒకామె పెండ్లికి ముందు ఉద్యోగంలో చేరి తల్లి పేరు వ్రాసింది. పెండ్లి అయి కుటుంబం ఏర్పడితే భవిష్య నిధి నిబంధనల ప్రకారం ఆ నామినేషన్ చెల్లదు, కొత్తది ఇవ్వాలి. ఆమె ఇరవై ఏండ్లు ఇవ్వలేదు. ఈ టపా చదివినవారు మిగిలినదంతా మరచిపోయినా ఈ ఒక్కటి ఈ రాత్రికే చూసుకోండి.

రెండవ కూర్పులో గ్రాట్యుటీ మాట వచ్చింది. "అది మాకు వర్తించదండి, టీచర్లకు లేదని ఆఫీసులో చెప్పారు" అన్నాను. మా ఆఫీసు మాటలో ఒకప్పటి నిజం ఉన్నది. చట్టంలో చెప్పిన "ఉద్యోగి" అన్న నిర్వచనంలోకి ఉపాధ్యాయులు రారని 2004లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఒక మాట అర్థం మీద లక్షలమంది వృద్ధాప్యం ఆధారపడడం భాషోపాధ్యాయులకు ఆశ్చర్యం కలిగించదనుకొంటాను. పార్లమెంటు 2009లో ఆ నిర్వచనాన్ని సవరించింది, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేటట్లు. ప్రైవేటు బడులు కొన్ని ఈ సవరణను సవాలు చేశాయి. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సవరణ చెల్లుతుందని తేల్చింది. ఆమె నాతో చెప్పేనాటికి ఆ వ్యాజ్యం నడుస్తూనే ఉన్నది. "చట్టం మీ పక్షాన ఉన్నది, నియామక పత్రం, జీతం చీటీలు జాగ్రత్త చేయండి" అన్నారు. అంతే.

చివరి నెల మూలవేతనం, కరువు భత్యం కలిపి 26తో భాగించి 15తో హెచ్చించి, ఎన్ని ఏండ్లు పని చేస్తే అన్ని మార్లు. నా చివరి జీతం 32,000, సర్వీసు 25 ఏండ్లు. మొత్తం 4,61,538 రూపాయలు. బడివారు మొదట తెలియదన్నారు, తరువాత చూస్తామన్నారు. నేను దరఖాస్తు వ్రాసి, తీర్పు ప్రతిని జతపరచి, చేతికి ఇచ్చి ముద్ర వేయించుకొన్నాను. ఆలస్యంగానైనా చెక్కు వచ్చింది. వారిని తప్పుపట్టడానికి ఇది వ్రాయడం లేదు. అడగనివారికి ఇవ్వకపోవడం లోకరీతి. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది కనుక మీరు దరఖాస్తు చేసేటప్పుడు దాని ప్రకారం చేయండి.

పదిహేను వేలకు నాలుగు లక్షల అరవై వేలు, ఆరేండ్ల సర్వీసు. లెక్క ఇక్కడ ఆపితే నేను ఆ సలహాదారుకు ప్రకటన వ్రాసినట్లవుతుంది. రెండవ వైపు కూడ చెప్పాలి.

ఆమె చెప్పినవన్నీ నాకు నచ్చినవి కావు. కాగితం మీద నా నెల ఖర్చు వ్రాయించి, ధరలు ఏటికి 6 శాతం పెరిగితే పన్నెండేండ్లలో అది రెట్టింపు అవుతుందని చూపి, "మీ డబ్బు చాలదు" అన్నారు. అంత సూటిగా నాతో ఎవరూ అనలేదు. బ్యాంకు అబ్బాయి గీత పైకి పోయింది. ఈమె గీత నా డెబ్బై రెండవ ఏట నేలను తాకింది. ఆ సాయంకాలం జయనగరం నాలుగవ బ్లాకు బస్‌స్టాండులో మూడు బస్సులు వదిలి కూర్చున్నాను. మరునాడు ఫోను చేసి, "మరి ఏమి చేయాలి?" అంటే, "అరవై ఐదు దాకా ఏదో ఒకటి సంపాదించాలి, ఇప్పటినుంచే దారి వెదకండి" అన్నారు. నేను ఈనాడు అమెరికాలోని, దుబాయిలోని పిల్లలకు ఉదయం పూట ఇంటినుంచే గుణింతాలు చెప్తున్నది ఆ మాట వల్లనే. మావారికి కూడ పింఛను లేదు. మాకు గడుస్తున్నది, మిగలడం లేదు.

గ్రాట్యుటీ, భవిష్య నిధి కలిపి వచ్చినదానిలో 13 లక్షలు తపాలా కార్యాలయంలో పెద్దల పొదుపు పథకంలో వేశాను. అరవై నిండనివారైనా, యాభై ఐదు దాటి రిటైరైతే, ఆ డబ్బు చేతికి వచ్చిన మూడు నెలలలోపు వేయవచ్చును. 8.2 శాతం వడ్డీకి మూడు నెలలకొకసారి 26,650 వస్తుంది. దీనికి సలహాదారు అక్కరలేదు, తపాలా గుమాస్తా చెప్తాడు.

ఇక రుసుము. సెబీ 2020లో, ఒక కుటుంబం నుంచి ఏటికి స్థిర రుసుముగా 1,25,000కు మించి తీసుకోరాదన్నది. 2025లో ఆ హద్దును 1,51,000 చేసింది. లేదా మన ఆస్తి మీద ఏటా శాతం చొప్పున తీసుకోవచ్చును, 2.5 శాతం దాకా. ఈ హద్దులు మనలాంటివారిని చూసి పెట్టినవి కావు. నాకు తెలిసిన ఒక హెడ్మాస్టరు తన 40 లక్షల మీద ఏటా ఒక్క శాతం ఇస్తున్నారు. ఏటికి 40,000. మొదటి ఏట ఆయనకు జరిగిన మేలు నిజమే. అయిదవ ఏట కూడ అదే మొత్తం దేనికి ఇస్తున్నారని అడిగితే, ఫోను ఎత్తి మాట్లాడతారని చెప్పారు. మనకు శాతం లెక్క పనికిరాదు, ఇది నా గట్టి అభిప్రాయం. ఒక్కమారు, మొత్తం ముందే చెప్పి, రెండు మూడు కూర్పులకు తీసుకొనేవారైతే సరి. మూడు నాలుగేండ్లకు మరొకసారి వెళ్ళవచ్చును. చిక్కు ఏమిటంటే అటువంటివారు దొరకడం కష్టం. నమోదైన సలహాదారులు దేశం మొత్తం మీద వేయికి అటూ ఇటూ. ఏజెంట్లు వీధికి నలుగురు.

మిమ్మల్ని అడుగుతున్న ఆ పదిహేను వేల ఆయన ఎవరో నాకు తెలియదు. ఐఎన్ఏ అన్న అక్షరాలతో మొదలయ్యే నమోదు సంఖ్య అడగండి, సెబీ వెబ్‌సైటులో ఆ సంఖ్యను వెదకండి. రుసుము తీసుకొని, ఆ తరువాత తానే పాలసీ కూడ అమ్మేవాడైతే లేచి వచ్చేయండి. మీ నెల ఖర్చు అడగకముందే పథకం పేరు చెప్పినవాడైనా అంతే. మన యాసలో మాట్లాడినా సరే.

ఇరవై ఆరేండ్ల కొత్త టీచర్, జీతం పదిహేను వేలు, ఆమెకు నేను ఇవ్వవద్దనే చెప్పాను. ఆమెకు కావలసినది సలహాదారు కాదు, బడివారు భవిష్య నిధి కడుతున్నారో లేదో చూసుకోవడం. ఇరవై మందికి తక్కువ కాని సంస్థకు అది తప్పదు. రెండవ ఆమెకు నలభై తొమ్మిదేండ్లు. నాకు పట్టిన వయస్సే ఇంచుమించుగా. ఆమెను ఇవ్వమన్నాను, ముందు ఒక ఆదివారం కాగితాలు పట్టుకొని మా ఇంటికి రమ్మన్నాను.

నిన్న వచ్చారు. సంచి తిరగవేసి ఆధార్, భవిష్య నిధి చీటీ ప్రక్కప్రక్కన పెట్టి చదివాను. ఆమె పేరు చివర "లక్ష్మి". ఒకదానిలో కె ఎస్ హెచ్, రెండవదానిలో ఎక్స్.